పచ్చ గాజుల నెమలి

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. గొప్పకు చెప్తలేను, మా బడి పిల్లల్ని అడిగినా గదే చెప్తరు. ఏంజిలి టీచర్ వస్తుందంటే వరండాల చెప్పులు సుత వరుసల నిలవడ్తయని మా హెడ్మాస్టర్ మధుబాబు సారు నవ్వుతుంటడు. నా పేరు ఎవాంజెలిన్. గంత పెద్ద పేరు పిల్లల నోట్లె పట్టక ఏంజిలి అయింది. కాజీపల్లి మందుల కంపెనీల దిక్కు పోయే రోడ్డు పక్కన నాలుగు గదుల సర్కారు బడి మాది. పదకొండేండ్ల సంది ఆడనే ఉన్న. ఈ పదకొండేండ్లల్ల ఎంతోమందిని తిట్టిన, కొందరిని కొట్టిన గూడ, సాయంత్రం ఆటో ఎక్కేటాల్లకు మర్చిపోయిన. ఈ ఒక్కటి మాత్రం మర్చిపోతలేను. ఎవలికన్న చెప్తే సిగ్గు జెర తగ్గుతదేమోనని చెప్తున్న. తగ్గుతదని నమ్మకమైతే లేదు.

నాకు పిల్లలతోని బొమ్మలు చేయించుడంటే పిచ్చి. మా బడికి డ్రాయింగ్ సారు లేడు, రంగుల డబ్బాలు రావు. రాకుంటే ఏందట? బెండకాయ తొడిమ దిక్కు కోసి, నీళ్ళల్ల కలిపిన జాజు ఎర్రమన్నుల ముంచి కాయితం మీద కొడితే పువ్వు పడ్తది. ఎండిన బీరకాయ పీచు అద్దితే మబ్బు. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి చెక్కముక్కకు అతికిస్తే ముద్ర. జొన్న బెండుతోని ఎడ్లబండి, ఉల్లిగడ్డ పొట్టుతోని గులాబి. ఇగ ఖాళీ మాత్రల రేకులకు మా దగ్గర కరువే లేదు, వాటిని చదును చేసి చేప పొలుసులు చేయించిన. ఒకసారి గోడ పొడుగున చేప చేస్తే, తనిఖీకి వచ్చిన సారు గూడ దాని ముందర నిలవడి ఫోటో దిగి పోయిండు. గప్పటి సంది నాకు జెర కొమ్ములు వచ్చిన మాట నిజమే.

నా క్లాసుల బొమ్మల సామానుకు మూడు కట్టుబాట్లు పెట్టిన. పారేసిందే తేవాలె, మంచిదాన్ని పాడుచేసి తెస్తే తోలు తీస్త. దుకాణంల కొనుక్క రావద్దు. యాడికెల్లి తెచ్చిన్రని అడిగితే నిజం చెప్పాలె. అబద్ధం చెప్తే పది గుంజీలు. అయితే నేను పట్టుకోక ముందే వాళ్ళంతట వాళ్ళొచ్చి చెవులు పట్టుకొని గుంజీలు తీస్తే మల్ల ఒక్క మాట గూడ అననని చెప్పిన. ఈ చివరి మాట ఎందుకు చెప్తున్ననో మీకు తర్వాత తెలుస్తది.

ఆగస్టు నెలల మధుబాబు సారు వచ్చి, సంగారెడ్డిల మేళా ఉన్నది మేడం, బడికొక్కటి మంచి వస్తువు పంపాలె, మీ చేతి పని ఏదన్న చేయించండి అన్నడు. నాకు ఇగ నిద్ర పట్టలే. ఒక కంపెనీ వాళ్ళు మిషన్ దించుకొని పారేసిన చెక్కపెట్టె పలక ఒకటి బడి వెనుక పడి ఉంటే దులిపించిన. నిలువెత్తు పలక. దాని మీద పురి విప్పిన నెమలిని చెయ్యాలె, అదీ పలిగిన చేతి గాజుల ముక్కలతోని చెయ్యాలె అనుకున్న. గాజు ముక్క వంకరగ ఉంటది, నెమలి ఈకకు గట్లనే వంకర కావాలె. నాలుగో తరగతి పిల్లలకు చెప్పిన, ఇంట్ల పలిగిన గాజు ముక్కలుంటే తెండి, పైలంగ కాయితంల చుట్టి తెండి అని.

మొదటి దినం పిడికెడు వచ్చినయి. ఎర్రయి, నల్లయి, ఒక బీహార్ పిల్ల తెచ్చిన నీలం లక్క గాజు. పచ్చయి నాలుగో ఐదో. నాలుగు పచ్చ ముక్కలతోని నెమలి కాదు, చిలుక గూడ కాదు. నాకు కోపమొచ్చింది. మీ ఇండ్లల్ల పచ్చగాజులు ఏసుకునేటోళ్ళే లేరానే అని క్లాసు మొత్తాన్ని తిట్టిన.

తెల్లారి భద్ర ఒక హార్లిక్స్ సీస తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

భద్ర సంగతి చెప్పాలె. బొంతపల్లి వీరభద్రునికి మొక్కుకుంటే పుట్టిందని వాళ్ళ నాయిన గా పేరు పెట్టిండు. సన్నటి పిల్ల, మాట తక్కువ, చేతుల్ల పని మాత్రం మస్తు ఎక్కువ. బెండకాయ ముద్ర కొడితే మిగిలినోళ్ళది ముద్దలాగ వస్తది, ఆమెది పువ్వు లెక్కనే వస్తది. వాళ్ళ నాయిన బాలరాజ్ కంపెనీ బస్సు నడుపుతుండె. జూన్ నెలల, బడి తెరిచిన రెండో వారం, డ్యూటీ నుంచి బండి మీద వస్తుంటే సర్వీసు రోడ్డు మీద లారీ తాకి పోయిండు. భద్ర పదమూడు దినాలు బడికి రాలే. హాజరు పట్టీల నా చేత్తోని నేనే గైర్హాజరు రాసిన. ఇది నాకు ఎరుక లేని సంగతి గాదు.

సీస నిండ పచ్చ ముక్కలు. అన్నీ ఒకటే తీరు పచ్చ, మధ్యమధ్యల బంగారు రంగు సుక్కలు. కిటికీల నుంచి ఎండ పడి నా బల్ల మీద పచ్చగ మెరిసింది. నా కండ్లు గా రంగుకే అతుక్కపోయినయి.

"యాడియే ఇవి?" అని కట్టుబాటు ప్రకారం అడిగిన.

"మా అమ్మయి టీచర్."

"పలిగినయేనా? నువ్వు పలగ్గొట్టి తెచ్చినవా?"

"పలిగినయే టీచర్. నేను పలగ్గొట్టలే."

అడిగిన, చెప్పింది. అంత సక్కగ చెప్పిన పిల్లకు నేను ఇంకో ప్రశ్న ఎయ్యలే. ఒక్క ఆడమనిషి రెండు చేతుల గాజులు అన్నీ ఒక్కసారి ఎట్ల పలుగుతయి, ఎప్పుడు పలుగుతయి అని నాకు సోయి రాలే. చిన్నపిల్లనడిగినా చెప్తది ఆ సంగతి. నాకు మాత్రం నెమలి తోక కనవడ్డది. శభాష్ భద్రా అని క్లాసు ముందర చప్పట్లు కొట్టించిన.

నెమలిని చేసుడు వారం పట్టింది. మెడకు గా లక్క గాజు నీలం, ఈకల కండ్లకు మాత్రల రేకుల వెండి. పచ్చ ముక్కల పని మాత్రం భద్ర ఎవ్వరినీ ముట్టనియ్యలే. ఒక్కొక్క ముక్క తీసి, అంగికి తుడిచి, వెలుగుకు పట్టి చూసి, ఇది యాడ పెట్టాల్నో జెరసేపు ఆలోచన చేసి గప్పుడు జిగురు పెడుతుండె. బంగారు సుక్కలున్నయి ఏరి ప్రతి ఈక నడుమల పెట్టింది. జల్దీ కానియ్యవే, గట్ల చూసుకుంట కూసుంటే సంక్రాంతి వస్తదని నేను కసిరిన. తల ఊపింది గని జల్దీ చెయ్యలే.

బుధవారం నాడు వరండా గోడకు రెండు మేకులు కొట్టి పలకను తగిలించినం. ఏం చెప్పాలె. పొద్దుటి ఎండ పడితే తోక మొత్తం తడిసిన లెక్క మెరుస్తుండె. మధుబాబు సారు అద్దాలు తీసి తుడుచుకొని మల్ల చూసిండు. భద్ర నా కొంగు కాడికి వచ్చి నిలవడ్డది.

"టీచర్, మా అమ్మకు శనివారం ఫస్ట్ షిఫ్టు. రెండింటికి వదుల్తరు. సూస్తానికి వస్తనన్నది. గప్పటిదాంక సంగారెడ్డికి పంపకు."

"పంపనులేవే. అది పోయేది వచ్చే వారం."

"మాటనా టీచర్?"

"మాటనే."

గురువారం పొద్దుగాల నర్సింహమ్మ చూసింది. నర్సింహమ్మ మా బడిల పిల్లలకు అన్నం వండే అవ్వ. బియ్యం చేట పట్టుకొని వరండాల నుంచి పోతుండె, నెమలి కాడ ఆగిపోయింది. చేట కింద పెట్టి దగ్గరికి పోయి, ఏలుతోని ఒక బంగారు సుక్కను తాకి, ఏలును ఎనుకకు తీసుకున్నది.

"టీచరమ్మా, గీ పచ్చ గాజులు యాడికెల్లి వచ్చినయి?"

"పిల్లలు తెచ్చిన్రు అవ్వా. ఎందుకు?"

"ఇవి బాలరాజ్ పెండ్లానియి. పదకొండో దినం నా చేతులతోని నేనే పలగ్గొట్టిన. గీ సుక్కలు నాకు యాదికున్నయి." అవ్వ గొంతు తగ్గించింది. "మూట గట్టి కుంటల ఏయుండ్రని ఇచ్చిన. పిల్ల ఏరుకున్నట్టుంది. నాకేం లేదు టీచరమ్మా, నేను గూడ మొగడు పోయిన గసుంటిదాన్నే. కని మందికి తెలుస్తే ఊకుంటరా?"

గప్పుడు నాకు సోయి వచ్చింది. అయినా అవ్వతోని ఏం గాదులే, ఎవలికి చెప్పకు అన్న. అవ్వ చెప్పలేదేమో గూడ. గా మాట వరండాల నిలవడ్డ పిల్లలే విన్నరు, సాయంత్రానికి ఇంటింటికి పోయింది. బాలరాజ్ పెండ్లానికి మాత్రం ఎవలు చెప్పలే, ఆమె గడప తొక్కేటోళ్ళే లేరు.

శుక్రవారం పొద్దుగాల గేటు కాడ ఎనిమిది మందికి తక్కువ లేరు. తల్లులే ఎక్కువ, ఇద్దరు మొగోళ్ళు. పిల్లలు పొద్దుగాల్నే బడికి వచ్చి మొకాన చూసేది ముండమోసిన గాజులనా సారూ అని ఒకామె. ఇంటికి అరిష్టం గాదా అని ఇంకొకామె. మధుబాబు సారు వాళ్ళను కూసోబెట్టబోయిండు, వాళ్ళు కూసోలే. గప్పుడు వెనుక నుంచి ఎవరో ఒకాయన, గా టీచర్కు మన పద్ధతులు ఏమెరుక సార్, వాళ్ళది వేరే గద అన్నడు.

నిజమే, మాది చర్చి కుటుంబం. మా నాయిన దావీదు పోయిన దినం మా కర్దనూర్ ఇంట్ల గూడ చుట్టుపక్కల ఆడోళ్ళు గాజులు తియ్యాలెనని వచ్చిన్రు. మా అమ్మ లీలమ్మ రెండు చేతులు వెనుకకు పెట్టుకొని, నా దేవుడు నన్ను గిది అడుగలే అన్నది. ఇయ్యాల్టికీ మా అమ్మ చేతులకు గాజులున్నయి. కాబట్టి నాకు తెలువదా? అందరికన్న మంచిగ నాకే తెలుసు. ఆ గాజు ముక్కల్ల ఏ అరిష్టం లేదని వాళ్ళ మొకం మీద చెప్పాల్సినదాన్ని నేనే. కని గా "వాళ్ళది వేరే" అన్న మాట నన్ను కాల్చింది. పదకొండేండ్లు చదువు చెప్పినా నేను వేరేనేనా అని కోపం. దాని వెనుక ఇంకోటి ఉన్నది, బుగులు. ట్రాన్స్ఫర్ చేయిస్తరని, పేపర్ల ఏస్తరని బుగులు.

మధుబాబు సారు నా దగ్గరికి వచ్చి మెల్లగ చెప్పిండు. "గొడవెందుకు మేడం. తీసి ఆఫీసు బీరువా వెనుక పెట్టండి. నాలుగు దినాలైతే వాళ్ళే మర్చిపోతరు."

బీరువా వెనుక పెడితే అయిపోయేది. ఇప్పటికీ నేను ఆ బీరువాను చూస్తే మొకం తిప్పుకుంట. పెట్టలే నేను. నాకు పద్ధతులు తెలుసని ఆ ఎనిమిది మందికి చూపియ్యాలె అనిపించింది. వాళ్ళ మీద రావాల్సిన కోపాన్ని ఎవరి మీద తియ్యాల్నో నాకు మంచిగ ఎరుక. నాలుగో తరగతి గదిల నుంచి భద్రను చెయ్యి పట్టి వరండాలకు గుంజుకొచ్చిన.

"ఇగురం లేదానే నీకు? గివ్వా తెచ్చేది బడికి?"

పిల్ల బిత్తరపోయి చూసింది. గేటు కాడోళ్ళు అందరు చూస్తున్నరు. గది కిటికీల నుంచి పిల్లలు చూస్తున్నరు.

"నువ్వే తెమ్మన్నవ్ గద టీచర్. పలిగినయే తెచ్చిన."

"ఎదురు మాట్లాడ్తవా? దొంగతనంగ ఏరుకొచ్చి నాకు చెప్తున్నవా? మీ అమ్మకు తెలుస్తే ఎంత ఏడుస్తదే?"

"మా అమ్మనే—"

"నోరు మూయ్."

మూసుకున్నది. పెదవులు లోపలికి మడిచి మరీ మూసుకున్నది. అది నా కండ్ల ముందర నుంచి పోతలేదు.

పలకను మేకుల మీద నుంచి దింపిన. గోడలకు పుట్టీ గీకే ఇనుప పట్టీ బడిలనే ఉండె. మోకాళ్ళ మీద కూసోని, అందరి ముందర, తోక మొదలు నుంచి గీకిన. జిగురు గట్టిగ పట్టింది, ముక్క ఊడకుంట పొడి పొడి అయితుండె. ఒక్కొక్క ఈక గీకుతుంటే టకటకమని సప్పుడు. నా చేతికి రెండు చోట్ల కోసుకున్నది, నెత్తురొచ్చింది, అయినా ఆపలే. భద్ర అక్కడనే నిలవడ్డది. పొమ్మని నేను చెప్పలే, నోరు మూయమన్న కాబట్టి అడుగుతానికి దానికి నోరు లేదు. నర్సింహమ్మ వచ్చి చీపురుతోని ఊడ్చి గంపల ఎత్తుకొని పోయి బడి వెనుక కుంటల పోసొచ్చింది. పలకను ఏం చేద్దామని అవ్వ అడిగితే పొయ్యిల పెట్టమన్న. ఆ దినం సాంబారు దాని మీదనే మసిలింది. పిల్లలందరు తిన్నరు, భద్ర గూడ వరుసల కూసోని తిన్నది. నేను తినలే.

గేటు కాడోళ్ళు టీచర్ మంచిదే పాపం, తెలువక అయింది అనుకుంట పోయిన్రు. ఆ మాటకు నాకు హాయిగ గూడ అనిపించింది ఒక్క నిమిషం. అది గూడ చెప్పాలె కద.

సాయంత్రం ఇంటికి పోయి మా అమ్మకు చెప్పిన. అమ్మ గిన్నెలు తోముతుండె, చేతుల గాజులు గిన్నెలకు తగిలి చప్పుడైతుండె. చేతికి పట్టీ చూసి ఏమైందని అడిగితే మొత్తం చెప్పిన, నాది ఎక్కడ తప్పుందో అక్కడ జెర మెల్లగ చెప్పిన. అమ్మ నల్లా కట్టేసి అడిగింది.

"గా పిల్ల ఎందుకు తెచ్చిందో అడిగినవా బిడ్డా?"

"పలిగిన గాజులు తెమ్మన్న కాబట్టి తెచ్చింది. ఏం అడిగేది?"

"అడగలే అన్నట్టు" అని అమ్మ మల్ల గిన్నెలు అందుకున్నది.

నిద్ర లేచేటాల్లకు నాకు నేనే ఒక బుద్ధి చెప్పుకున్న. ఆ పిల్ల తల్లి ఇయ్యాల వస్తది. వస్తే మంచిగ కూసోబెట్టి, అమ్మా, చిన్నపిల్ల తెలువక తెచ్చింది, దాన్ని ఏమనకు, నేను గూడ అన్నీ తీసి నీళ్ళల్ల కలిపించిన అని చెప్పాలె. పిల్లను క్షమించాలె. చూడుండ్రి నా తెలివి. క్షమించే కుర్చీల నేను కూసున్న.

శనివారం రెండున్నరకు భద్ర వాళ్ళ అమ్మ పుష్ప వచ్చింది. కంపెనీ గుర్తింపు కార్డు ఇంకా మెడలనే ఉన్నది. ఎక్కువ ఉతికిన చీర, పొడుగు చేతుల జాకిటి. చేతుల్ల రెండు బిస్కిట్ పూడలు. నన్ను చూసి చెప్పులు వరండా కింద విడిచి వచ్చింది. భద్రను పిలిపిస్తే వచ్చి తల్లి పక్కన నిలవడ్డది, నా దిక్కు చూడలే.

"టీచరమ్మా, మీకు మంచిగ మొక్కుదామని వచ్చిన" అన్నది పుష్ప. "పిల్లలకు బిస్కిట్లు తెచ్చిన. షిఫ్టుల ఉండి రాకపోతి."

నేను గొంతు సవరించుకున్న. పొద్దుటి నుంచి తయారు చేసుకున్న మాట మొదలుపెట్టిన. "పుష్పా, ఆ గాజుల సంగతి..."

"అదే చెప్తున్న టీచరమ్మా." ఆమె మాటకు అడ్డం వచ్చిందని గూడ నాకు అనిపియ్యలే, అంత మెల్లగ చెప్పింది. "పోయిన బొంతపల్లి జాతరల ఆయన కొనిచ్చిండు. నేను ప్యాకింగ్ సెక్షన్ల పని చేస్త. గేటు లోపలికి గాజులు ఏసుకోనియ్యరు. రోజూ పోయేటప్పుడు తీసి డబ్బీల పెడుదును, వచ్చినంక మల్ల ఏసుకుందును. రోజు తీసుడు, రోజు ఏసుకునుడు. ఒక్కటన్న పలగలే. పదకొండో దినం గూడ నేనే తీస్తనంటి. సబ్బు పెడితే రెండు నిమిషాల పని. తీసుడు గాదట, పలగాలెనట. పలగ్గొట్టిన్రు."

పట్టీ కట్టిన చేతిని నేను కొంగు కిందికి తీసుకున్న.

"ముక్కల మూట కుంటల ఏస్తమంటే భద్ర పోయి తెచ్చింది. నేనే సీసల పోసి దాచిన. ఏసుకోరాదు, పారేయబుద్ధి కాదు, ఏం జేస్తం? గా దినం భద్ర వచ్చి, పలిగిన గాజులు కావాలెనంటున్నది అమ్మా మా టీచర్ అన్నది. నాకు నమ్మకం రాలే. పలిగినయి గూడ ఎవలికన్న పనికొస్తయా అనుకున్న. నెమలి చేస్తదట అన్నది. సీస మొత్తం ఇచ్చి పంపిన." పుష్ప మొకం తుడుచుకొని, వరండాల అటూ ఇటూ చూసింది. "ఏదీ టీచరమ్మా, యాడ పెట్టిన్రు?"

గోడకు రెండు మేకులున్నయి. వాటి నడుమ గోడ జెర తెల్లగ ఉన్నది, అంతే.

నర్సింహమ్మ ఒకసారి పలగ్గొట్టింది, అదన్న పద్ధతి అనుకున్నది. రెండోసారి పలగ్గొట్టింది నేను. ఏ పద్ధతి లేకుంట, నా పేరు దక్కించుకుంటానికి, బిడ్డను ఎదురుంగ నిలవెట్టి పలగ్గొట్టిన. ఈ మాట పుష్ప కాళ్ళ మీద పడి చెప్పాల్సింది. చెప్పలే.

"సంగారెడ్డికి తీస్కపోయిన్రు అమ్మా." భద్ర అన్నది. మేకుల దిక్కు చూసుకుంట అన్నది. "నిన్ననే కారొచ్చింది. మా అమ్మ సూడాలె, శనివారం దాంక ఉంచుండ్రి అని టీచర్ శాన చెప్పింది. వాళ్ళే ఇనలే."

పుష్ప నా దిక్కు తిరిగింది. "అవునా టీచరమ్మా?"

"అవును" అన్న.

ఆమె చెయ్యి నోటి మీద పెట్టుకున్నది. నేను ఏడుస్తదేమో అనుకున్న. నవ్వుతున్నది. "సంగారెడ్డి దాంకనా? నేనే పోక ఏడాది అయితుంది, నా గాజులు పోయినయా? మంది అందరు సూస్తరా?"

"సూస్తరు."

"వాపసు వస్తదా?"

"వస్తది."

ఇంకా ఏమేమో అన్నది, నా రెండు చేతులు పట్టుకున్నది. పట్టీ చూసి ఏమైందని అడిగింది. గాజు కోసుకున్నదని చెప్పిన. మా నెమలి కోసం మీ చేతులు కోసుకున్నయా అని పాపం బాధపడ్డది. నేను చేతులు వెనుకకు గుంజుకున్న. బిస్కిట్ పూడలు భద్ర చేతికిచ్చి పంచుమని చెప్పి, ఆటో చూస్త జల్దీ రా అని గేటు దిక్కు పోయింది.

భద్ర క్లాసుల బిస్కిట్లు పంచి, బ్యాగు ఏసుకొని గేటు దాంక పోయి, మల్ల వాపసు ఉరికొచ్చింది. బ్యాగు కింద పెట్టింది. నా ఎదురుంగ నిలవడి, ఎడమ చేత్తోని కుడి చెవి, కుడి చేత్తోని ఎడమ చెవి పట్టుకొని కూసున్నది, లేచింది. ఒకటి. మల్ల కూసున్నది, లేచింది. రెండు.

"ఏం చేస్తున్నవే?"

"అబద్ధం చెప్పిన గద టీచర్. నువ్వు పట్టుకోక ముందే తీస్తే తిట్టనంటివి."

దాని భుజాలు పట్టుకొని ఆపిన. వద్దు బిడ్డా అన్న. నా జన్మల పిల్లలను బిడ్డా అని పిలిచుడు తక్కువ. తప్పంతా నాదే, మీ అమ్మ దగ్గరికి నేను ఇప్పుడే పోయి నిజం చెప్పేస్త అన్న. లేస్తుంటే నా కొంగు పట్టుకున్నది.

"చెప్పకు టీచర్. నాయిన పోయినంక మా అమ్మ నవ్వంగ నేను ఇయ్యాల్నే సూసిన."

గేటు కాడ పుష్ప ఆటో కోసం రోడ్డు దిక్కు మెడ చాచి చూస్తుంది. ఇరవై అడుగుల దూరం లేదు. పోయి చెప్తే నా గుండె మీద బరువు దిగుతది, దిగి ఆమె మీద పడ్తది. చెప్పకుంటే ఈ పిల్ల ఈ అబద్ధాన్ని మోయాలె.

"చెప్పను" అన్న.

భద్ర తల ఊపి మల్ల చెవులు పట్టుకున్నది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకున్నది. మూడు, నాలుగు. పదీ తీసేదాంక నేను దాని ముందర నిలవడ్డ. పది అయినంక బ్యాగు ఏసుకొని తల్లి కాడికి ఉరికింది.

మేళాకు మా బడి నుంచి జొన్న బెండు ఎడ్లబండి పోయింది, వచ్చింది. మేకులు గోడకు గట్లనే ఉన్నయి. వర్షాలు పోయినంక ఒకనాడు బడి వెనుక కుంట ఒడ్డుకు పోయి వెతికిన. బురదల మూడు పచ్చ ముక్కలు దొరికినయి, ఒకదాని మీద సుక్క ఉన్నది. కడిగి నా బల్ల సొరుగుల పెట్టిన. భద్ర ఇంకా మంచిగనే బొమ్మలు చేస్తది, అడిగినవన్నీ తెస్తది. తెచ్చే ముందర మాత్రం, ఇది తేవచ్చునా టీచర్ అని అడుగుతది. ఇంతకుముందు అడగకపోయేది.

మొన్న షేర్ ఆటోల పుష్ప నా పక్కన కూసున్నది. మా నెమలి వచ్చిందా టీచరమ్మా అని అడిగింది. కలిసిన ప్రతిసారి అడుగుతది. ఇంకా రాలే, వాళ్ళు అక్కడ్నే పెట్టుకున్నరు అన్న. ఆమె మొకం వెలిగింది.

"పెట్టుకున్నరా? అంటే గంత మంచిగున్నదా టీచరమ్మా?"

"ఉండె పుష్పా. మస్తు మంచిగుండె" అన్న. నెమలి గురించి నేను ఆమెతోని చెప్పిన నిజం గదొక్కటే.